చెంచా

తరాంతోలో రేవు వెనక వీధి, మూడో అంతస్తు.
మంగళవారం, శుక్రవారం పదింటికల్లా
లుదోవికా బొమ్మల అట్టలు పట్టుకుని వస్తుంది.
పక్షవాతం ఎత్తుకుపోయిన మాటల్ని
కోజిమో నోట్లో ఒక్కొక్కటిగా తిరిగి పెట్టడం ఆమె పని.
సూప్ తాగించడం, గడ్డం గీయడం నాది.

చెంచా బొమ్మ చూపిస్తుంది.
"కుక్కియాయో."
ఆయన నోరు తెరుస్తాడు, గాలి వస్తుంది.
"కుక్కియాయో."
మళ్ళీ గాలి. మళ్ళీ.
పదకొండోసారికి, "కు".
వంటింట్లో గిన్నెలు కడుగుతూ
నేనూ అంటాను, కు.

నలభై తొమ్మిదేళ్ళదాన్ని.
కుతాయిసీ బడిలో లెక్కల టీచర్ని.
ఇక్కడ ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బాకేసి వేలు చూపించాలి.
ఎంతమంది చేత ఎక్కాలు వల్లె వేయించానో!
ఏడో ఎక్కం దగ్గర పిల్లాడు ఎందుకు ఏడుస్తాడో
ఇప్పుడు తెలుస్తోంది:
అర్థం కాక కాదు,
నోరు తనది కానట్టుంటుంది.

ఆమె వెళ్ళాక ఇద్దరమే మిగులుతాం.
ఎవరు ఎవరికి చెబుతున్నారో తేలదు.
ఆయన పెదవులు చూసి నేను,
నా పెదవులు చూసి ఆయన.
కిటికీ. నీళ్ళు. చొక్కా గుండీ. ఇంకొంచెం.
మాట మాటకీ ఆయన ఎడమ పెదవి కొస కిందికి జారుతుంది.
అలాగే అనాలి కాబోలనుకుని
నేనూ జార్చాను.

నవంబరులో ధైర్యం చేసి రొట్టెల కొట్టుకి వెళ్ళి
నోరారా అడిగాను, అర కిలో, బాగా కాలింది.
నున్జియాత చేతిలో కత్తి ఆగిపోయింది.
"అయ్యో తల్లీ, నీకెప్పుడొచ్చింది పక్షవాతం?"
నవ్వొచ్చింది.
అదీ ఒక పక్కకే.

ఆ ఆదివారం తోరినో నుంచి కూతురు ఫోను.
ఆయన ఊపిరంతా కూడగట్టుకుని
మొదటిసారి మాట మొత్తం అన్నాడు, కుక్కియాయో.
మధ్యలో ఆ "క్క" గొంతు అడుగునుంచి వచ్చింది.
మా భాషలో కప్పలోనూ నీళ్ళలోనూ ఉండే "క్క" అది,
ఈ ఊళ్ళో నా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.
అటువైపు చాలాసేపు చప్పుడు లేదు.
"నాన్నా... నువ్వేనా?"

శుక్రవారం లుదోవికా రెండుసార్లు విని
దిద్దబోయి,
కలానికి మూత పెట్టేసింది.

రాత్రి దీపం ఆర్పాక
గోడ అవతల మొదలవుతుంది.
కుక్కియాయో. కుక్కియాయో.
అన్నిట్లోనూ నా రాయి తగులుతుంది.
ఇవతల దుప్పట్లో నేను
చప్పుడు లేకుండా పెదవులు కదుపుతుంటాను,
ఎడమ కొస జార్చి.