వేలిముద్ర పడనివాళ్లకు

అట్టపెట్టె పారెయ్యకండి, దోన్ అనక్లేతో.
నెలరోజులు బీరువా మీదే ఉండనివ్వండి.
ట్యాబ్లెట్ కొన్న రశీదు అందులో పెట్టండి,
మతే ఆకుల డబ్బాలో కాదు.
పోయినసారి వాచీ రశీదు ఎక్కడ తేలిందో
మీ ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఫ్రాయ్ బెంతోస్ లైబ్రరీలో
గురువారం గురువారం నేను చెప్పే పాఠం పెద్దదేం కాదు.
పలక వేడెక్కితే కాసేపు పక్కన పడుకోబెట్టండి.
దిండు కింద దూర్చి ఛార్జింగ్ పెట్టొద్దు.
మతే తాగే సొరబుర్ర
చల్లారినదైనా సరే, దాని దరిదాపుల్లో వద్దు.
అక్షరాలు చీమల్లా కనిపిస్తే
కళ్లను తిట్టుకోకండి,
సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాల్నే పెంచండి.
గొంగళిపురుగులంత పెంచినా అడిగేవాళ్లు లేరు.
రాత్రి పదింటికి కట్టేయండి.
కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు,
మొన్న తెల్లారుజామున మూడింటికి
నాకు బొటనవేలి బొమ్మలు తొమ్మిది పంపారు మీరు.

ఇక తాళం సంగతి.
వేలు ఆనించమంది యంత్రం.
కుడి చూపుడువేలు ఆనించారు.
మళ్లీ ఆనించమంది.
మళ్లీ.
ఇంకాస్త నొక్కి, మళ్లీ.
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
అప్పుడు చూశాను నేను
గోరు మొదలవ్వాల్సిన చోట ఆగిపోయిన ఆ వేలిని.
"నది ఒడ్డున, మాంసం ఫ్యాక్టరీలో వదిలేశాను" అన్నారు
బస్సులో గొడుగు మర్చిపోయినవాడిలా.
"పంతొమ్మిదేళ్లప్పుడు. డబ్బాలో పడిపోయిందేమో.
లండన్‌లో ఎవరో బ్రెడ్డు మధ్య పెట్టుకుని తినే ఉంటారు."
గదంతా నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, నవ్వలేదు.

లేని వేలి గురించి యంత్రానికి ఎలా చెప్పాలో
నా పుస్తకంలో రాయలేదు.
ఎడమ బొటనవేలు పెట్టి చూడమన్నాను.
ఒక్కసారికే పడింది.
ఇన్నేళ్లలో దాన్ని
ఎవరూ ఏ కాగితం మీదా అడిగి ఉండరు.

గ్రిసెల్దా, ఇప్పుడు మీతో.
నాన్న చేతిలోంచి పలక లాక్కోకండి.
"ఇలా ఇవ్వు, నేను చేసిపెడతా" అనే మాట
బంగాళాదుంపలు తొక్కతీసేటప్పుడు పనికొస్తుంది,
ఇక్కడ పనికిరాదు.
చేతులు వీపు వెనక కట్టుకుని నోటితో చెప్పండి.
మూడుసార్లు చెప్పండి.
నాలుగోసారికి చిరాకొస్తే వాకిట్లోకి వెళ్లి రండి.
వాకిలి ఉన్నదే అందుకు.

ఫాకుందో, నువ్వెక్కడికి జారుకుంటున్నావ్?
తాత పలకలో నువ్వు దింపిన ఆటలు పద్నాలుగు.
రెండు ఉంచుకో.
పడవల ఫొటో తీద్దామంటే చోటు లేదంటోందట,
పాపం ఆయన
ఇంట్లో చోటు లేదనుకుని బాల్కనీలోకి వెళ్లి తీశాడు.

బ్యాంకు నుంచి అంటూ ఫోనొస్తే,
పింఛను ఆగిపోతుంది, మీకొచ్చిన అంకెలు చెప్పండి అంటే,
ఒకప్పుడు యూనియన్‌లో మీరు ఎలా మాట్లాడేవారో అలా మాట్లాడి
పెట్టేయండి.
మర్యాద తర్వాత చూసుకోవచ్చు.
బ్యాంకు వీధి చివరే ఉంది,
నడిచి వెళ్లి అడగండి, మోకాళ్లకీ మంచిది.

వేలు తడిసినప్పుడు, పిండి అంటినప్పుడు
నాలుగు అంకెల గుర్తు కూడా ఒకటి ఉండాలి.
పెట్టుకోమని తల పక్కకి తిప్పుకున్నాను.
కానీ మీరు పెదాలతో చదువుతారు, దోన్ అనక్లేతో.
వినిపించింది.
ఫ్యాక్టరీ సైరన్ చివరిసారి మోగిన ఏడాది.
ఎవరికీ చెప్పను,
చెప్పనక్కర్లేదు కూడా.
ఈ గదిలో పదకొండు పలకలుంటే
ఏడింటి తాళం అదే.
మార్చండి.
వేరేది గుర్తుండదంటారు, తెలుసు.
కాగితం మీద రాసి, పలక వెనక మాత్రం అంటించకుండా,
గ్రిసెల్దాకివ్వండి.

వచ్చే గురువారం ఛార్జరు తెచ్చుకోండి.
ఇవాళ తెచ్చింది రేడియోది.