నాలుగు హద్దులు

ముమ్మిడివరం రిజిస్ట్రారాఫీసు పక్కన
జిరాక్సు కొట్టుకీ టీ బండికీ మధ్య నా బల్ల.
పాతికేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను.
ఎవరి నేలనైనా నాలుగు ముక్కల్లో కట్టేయడం నా కూడు.

ఆ మంగళవారం లంక నుంచి సంగాడి నూకరత్నం వచ్చింది,
మనవరాలి పేర ఎకరం ముప్పై సెంట్లు రాయించడానికి.
కుచ్చెళ్లకి ఇంకా రేవు తడి.

"హద్దులు చెప్పమ్మా."

"తూరుపు, మా అత్త గేదె కూరుకుపోయిన ఊబి.
దక్షిణం, గాలివాననాడు పుట్టిన మా మరిది
మొదటిసారి పాకిన మేర.
పడమర, కాయ దింపితే ఏట్లో పడే చెట్టు."
ఉత్తరానికి గొంతు తగ్గించింది:
"మా ఆయన్ని దించిన చోటు."

కలం కదల్లేదు.
పాత పట్టా తీశాను.
తూర్పున పుంత,
దక్షిణం ఓలకాల పెంటయ్య గారి మెరక,
పడమర కొబ్బరితోట, ఉత్తరం గౌతమి.
సర్వే నంబరు, గుండ్రటి ముద్ర.
ఒక్క అక్షరం చెరగలేదు.

"పుంత పోయి పదేళ్లు బాబూ. మెరక ఏట్లో ఉంది.
మీ కాయితానికి ఈత వచ్చా?"

టీ బండి దగ్గర అందరూ నవ్వారు. నేనూ.
కానీ చెప్పొద్దూ,
ఆవిడా ఒక మాట మీద నిలబడలేదు.
టీ తాగాక అడిగితే
గేదె అత్తది కాదు, అత్తగారి అత్తది.
మరిది పాకలేదు, నడిచాడు;
హద్దు రెండు బారలు అవతలికి జరిగింది.
ఇక్కడ కోత పెట్టి అక్కడ మేట వేసే
ఏటి పక్కన పుట్టిన మాట మరి.

చివరికి పాతదే దించాను,
లేని పుంతని, మునిగిన మెరకని,
"సదరు" అనీ "పైన కనపరచిన" అనీ.

చదివి వినిపించమంది.
కళ్లు మూసుకుని వింది.
పెంటయ్య పేరు దగ్గర తెరిచింది.

"ఆడి పేరు ఇంకా ఉందా అందులో?
పిల్లాజెల్లా లేనోడు.
వరదలో కొట్టుకుపోయాక
లంకలో ఒక్కరమూ తలవలేదు.
నేనూ మర్చిపోయాను బాబూ.
ఏదీ, మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను.
ఆ ఒక్క ముక్కే, మూడుసార్లు.

వేలిముద్రలయ్యాయి.
మనవరాలు దస్తావేజుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి
లోపలికి గాలి ఊది
మూతి బిగించి ముడేసింది.
"పడవలోంచి జారినా తేలుద్దిలే, మామ్మా."

ఇద్దరూ రేవు దారి పట్టారు.
ముసలమ్మ మళ్లీ మొదలెట్టింది, "తూరుపు..." అంటూ.
ఈసారి గేదె చూడిదట.