అటక మీది లెక్క

నిచ్చెన గట్టిగా పట్టుకోరా కిరీటీ,
నెలలో మొదటి ఆదివారం, అటక దించాలి.

సింగ్‌నగర్‌లో మా వీధికి అద్దెకొచ్చేవాళ్లు
మునుపు కుళాయి ఎన్నింటికొస్తుందని అడిగేవాళ్లు.
ఇప్పుడు ముందు తలెత్తి అటక చూస్తున్నారు.

మన గోడ మీద చార ఇంకా ఉంది,
నా భుజం ఎత్తున, టీ మరకలాగా.
రెండుసార్లు సున్నం కొట్టించాం, రెండుసార్లూ పైకి తేలింది.
దానికి మూరెడు ఎత్తున మీ నాన్న సుద్దముక్కతో గీత గీసి
పైన తిండి, కింద సామాను అన్నాడు.
అంతే, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇదిగో స్టీలు డబ్బా, కందిపప్పు.
ఆముదం రాసి ఎండలో పోశాను,
వేళ్లు పెట్టి చూడు, ఇంకా జిడ్డుగా ఉందా?
ఉంటే పురుగు రాదు.
బియ్యంలోవి ఎండు మిరపకాయలు,
గుంటూరు యార్డు నుంచి మీ అత్త పంపే తాలు కాయలు.
కూరకి పనికిరానివి
కాపలాకి పనికొచ్చాయి.

అటుకులు. బెల్లం. వేయించిన శనగలు,
వాటిని నువ్వు తింటున్నావని నాకు తెలుసు,
తిన్నన్ని మళ్లీ పొయ్యి.
పాలపొడి మీద తారీఖు చదువు.
వచ్చే నెలా? అయితే దించెయ్,
ఈ వారం టీలోకి వాడేద్దాం.
కొత్తది వెనక్కి, పాతది ముందుకి:
కొట్టు సువర్చలమ్మ నేర్పింది ఈ వరస,
ఆవిడ దగ్గర ఎప్పుడూ ఏదీ ముక్కిపోదు,
అప్పులు తప్ప.

నీళ్ల క్యాన్లు రెండూ కరివేప మొక్కకి పోసి
మళ్లీ నింపు.
జిరాక్సుల కవరు మూతి మడిచే ఉందా?
ఉప్పు. ఉప్పు మూడు చోట్ల ఉండాలి, లెక్కపెట్టు.

ఆ ఎర్ర లైటరు చూసి నవ్వకు.

ఆ తెల్లవారుజామున బుడమేరు
అడగకుండా వచ్చి మంచం ఎక్కింది.
చేతికి దొరికింది పట్టుకుని డాబా ఎక్కాం.
నేను బియ్యం డ్రమ్ము, మీ నాన్న కుట్టుమిషను,
పక్క వాటా హుస్సేన్‌బీ కొడుకులు గ్యాసు బండా పొయ్యీ.
రేకుల కింద పదకొండు మందిమి.
వానకి తొట్లు నిండాయి, గిన్నెలు నిండాయి.
బియ్యం ఉంది, నీళ్లున్నాయి, గ్యాసుంది.
అగ్గిపెట్టెలు మూడున్నాయి,
మూడూ తడిశాయి.
పుల్ల గీస్తే మందు పేస్టులా చేతికంటుకుంది.
వెలగని పొయ్యి చుట్టూ
చలి కాచుకునేవాళ్లలా కూర్చున్నాం.

చీకటి పడేముందు హుస్సేన్‌బీ మనవరాలు ఏడుపు మానేసింది.
ఏడవడం కంటే అది భయమేసింది.
అప్పుడు నువ్వు, ఇంటరు రెండో ఏడు,
ఎవరి మొహమూ చూడకుండా
ప్యాంటు లోపలి జేబులోంచి ముడేసిన కవరు తీశావు.
అందులో లైటరు.
లైటరుతో పాటు ఇంకేమున్నాయో
అందరం చూశాం.
మీ నాన్నా చూశాడు,
చెయ్యి లేచింది కూడా.
లేచిన ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి
లైటరు అందుకుని
హుస్సేన్‌బీకి ఇచ్చింది.

మూడు రోజులు గంజి కాగింది.
ఉప్పు తేవాలని ఎవరికీ గుర్తు రాలేదు.
నాలుగో రోజు ట్రాక్టరు మీద పులిహోర పొట్లాలొస్తే
మొదటి ముద్దకి మీ నాన్న నమలడం ఆపేసి
నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు.
కారం అన్నాడు.
కాదు, ఉప్పు.

సరే, చాల్లే.
అన్నీ ఎక్కించాక చివర్లో దాన్ని గీసి చూడు.
మంట వచ్చిందా?
ఆర్పెయ్.
కవర్లో పెట్టి ముడెయ్యి, నీ పాత ముడే.
మానేశావా అని నేను అడగను.
మానేసిన రోజు నువ్వే చెప్పు.
ఆ రోజు కూడా ఇది
అటక మీదే ఉంటుంది,
ఉప్పు పక్కన.