సుద్దగుడ్డు

మూడులాంతర్ల వెనక సందులో
మా ల్యాబ్‌కి ఒకటే కిటికీ.
కిటికీ కింద మైక్రోస్కోపు,
మైక్రోస్కోపు కింద
బొబ్బిలి నుంచి వచ్చిన ఒకాయన తొమ్మిదేళ్ళ ఆశ,
గాజుపలక మీద చుక్కంత.
లెక్కపెడుతున్నాను:
ఈదేవి, ఉన్నచోటే గింగిరాలు తిరిగేవి,
కదలనివి.

బల్లకి అటుపక్క గేదెల సన్యాసమ్మ.
సన్యాసం పేరులోనే ఉంది.
నడుములో నలుగురు గుంటల బరువు,
జుట్టులో నెల్లిమర్ల మిల్లు జనపనార పొట్టు.
స్ట్రిప్ మీద గీత తేలడానికి ఐదు నిమిషాలు.
ఆమెకది ఒక షిఫ్టంత.

"బిళ్ళలేసుకుంటే కళ్ళు తిరుగుతన్నాయి,
మిషను కాడ తూలితే చెయ్యి పోద్ది.
కాపర్‌టీ ఏస్తే నెలంతా గుడ్డలే.
ఆపరేషనుకి మా ఆయన్ని ఎల్లమంటే
నానేటి ఎద్దునా అంటాడు."

ఊరుకోలేక చెప్పాను,
నైట్ డ్యూటీలో చదివిన సంగతి.
అండం చుట్టూ ఒక పొర,
ఆ పొరలో అణువంత ముక్క.
శుక్రకణం వచ్చి పట్టుకునేది దాన్నే.
ఆ ముక్కని పూసలకి తొడిగి లోపల ఉంచితే
వచ్చినవి వచ్చినట్టు పూసని కరుచుకుని
ఇదే ఇల్లనుకుని ఉండిపోతాయి.

సన్యాసమ్మకి నవ్వు ముందు భుజాల్లో పుట్టింది.
"ఓలమ్మ! సుద్దగుడ్డేటి!
మా నల్లపెట్ట పొరుగోళ్ళ పెంటలో గుడ్డెట్టకుండా
సుద్దముక్క చెక్కి గంపలో ఎడతాను కదా, అలగే.
ఎప్పుడూ పెట్టే మోసపోద్ది.
పుంజు మోసపోడం ఇదే ఇనడం.
ఎక్కడ దొరుకుద్ది?"

ఎలకల్లో పనిచేసిందట, అన్నాను.
మనుషులకి ఇంకా ఏళ్ళు పట్టొచ్చు.

"ఎలకలకా."
కొంతసేపు ఫ్యాను చప్పుడే.
"ఆటికేటి, మిల్లుందా?"

గీత ఒకటే తేలింది.
రెండోది వస్తుందేమోనని
వెలుతురు వైపు తిప్పి ఇద్దరం చూశాం.
రాలేదు.

చెత్తబుట్టలో వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.
"ఇలాగియ్యి. తలగడ కింద ఎడతాను.
ఆడికి గీతలు లెక్కెట్టడం రాదు."
కొంగున ముడేసుకుని
బేగి మెట్లు దిగిపోయింది.

మళ్ళీ కన్ను ఆనించాను.
బొబ్బిలాయన చుక్కలో
ఒకటి, గాలిబుడగ అంచు పట్టుకుని
తోక కొట్టుకుంటోంది.
దీన్ని ఎందులో రాయాలి,
ఈదేవాటిలోనా, కదలనివాటిలోనా.
పెన్ను కాగితం మీదే ఆగింది.
బయట బెంచీ అంచున
ఆయన భార్య కూర్చుని ఉంది,
నా తలుపు వైపే చూస్తూ.