అడ్డగీత

నిజ్వా ఊరు దాటాక, కొండ మొదట్లో
వ్యవసాయ శాఖ వాళ్ల రెండంతస్తుల భవనం.
ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర
నా బతాకా తీసుకుని సొరుగులో పడేసి
"జాయిర్" అని రాసిన బిళ్ల ఇస్తారు.
జాయిర్ అంటే చూసిపోవడానికి వచ్చిన మనిషి.
ఏడేళ్లయింది, ఇంకా చూసిపోతూనే ఉన్నాను.

నిజానికి నా పని వినడం.
ఖర్జూరం మొదట్లో సన్నటి మేకు దించి,
మేకుకి తీగ కట్టి, తీగ కొస చెవికి పెట్టుకుంటే
లోపల ఎర్రముక్కు పురుగు పిల్ల
పక్కగదిలో ఎవరో మరమరాలు తింటున్నట్టు
తీరిగ్గా నములుతూ ఉంటుంది.
అంబాజీపేట కొబ్బరితోటల్లో తయారైన చెవి ఇది.
అక్కడ దీనికి నెలజీతం ఉండేది.
ఇక్కడ రోజుకి ఇరవై ఎనిమిది రియాళ్లు,
దుహర్ నమాజుకి ముందే బయటపడితే పద్నాలుగు.
రంజాన్‌లో ఆఫీసు గంటలు తగ్గుతాయి కాబట్టి
నా రోజు కూడా చిక్కి ముప్పావు రోజవుతుంది.
పురుగు ఆ నెలా పూర్తి భోజనమే చేస్తుంది.

బిల్లు ఫారం మీద మొట్టమొదటి గడి: ఉద్యోగి సంఖ్య.
తొలి నెల ఏం రాయాలో తోచక ఖల్ఫాన్‌ని అడిగాను.
పెద్దమనిషి. ఖహ్వా పోసి, పళ్లెం నా వైపు జరిపి,
కిటికీలోంచి కాసేపు కొండని చూసి
"అక్కడ అడ్డగీత పెట్టండి, దక్తూరా" అన్నాడు.

ఎనభై నాలుగు అడ్డగీతలు.
కొన్ని వంకర. ఒకటి డెంగీ జ్వరంలో గీసింది;
ఆ నెల గీత కింద మొత్తం కూడా ఇంచుమించు గీతే.
సంతకాలు మూడు కావాలి. మూడో ఆయన సెలవులో ఉంటాడు.
సెలవు అనే మాట ఆ భవనంలో అందరికీ వర్తిస్తుంది.

వీసా మా ఆయన సిమెంటు కంపెనీది.
బీమా కార్డు మీద నేను ఆశ్రితురాలిని,
శాఖ ఉత్తరం మీద నిపుణురాలిని,
గేటు దగ్గర జాయిర్‌ని.
అమ్మ ఫోన్‌లో అడుగుతుంది, గవర్నమెంటే కదా అని.
గవర్నమెంటేనమ్మా, అంటాను.

మొన్న షంసా తోటలో నాలుగువేల నూట పదిహేడో చెట్టు.
ఈ చెట్లకి సంఖ్యలున్నాయి, నీలం రేకు మీద, మేకు కొట్టి.
పైకి పచ్చగా, గెలలతో, పెళ్లిపందిరిలా ఉంది.
నేను చెవి తీసేసరికి ముసలామె నా మొహమే చూస్తోంది.
"ఏమంటోంది?" అంది, చెట్టు గురించి.
కొట్టేసి కాల్చెయ్యాలి అని చెప్పడానికి
నాకొచ్చిన అరబ్బీ సరిపోయింది. అదే బాధ.
నష్టపరిహారం తొమ్మిదో రోజుకే ఆమెకి అందింది.
చెట్టుకి సంఖ్య ఉందిగా.
దాన్ని విన్న రోజు కూలి నాకింకా రాలేదు.

తిరుగుదారిలో జీపు నడిపేది పోశెట్టి, జగిత్యాల.
పదకొండేళ్లకి రాజీనామా పెట్టి ఇంటికి పోతున్నాడు.
"మేడం, నా ఆఖరి లెక్క జర చూస్తరా,
వీళ్లు తక్కువ కడ్తరేమో" అన్నాడు.
చెట్టు రిపోర్టు వెనకవైపు వేశాను:
నూట పది రియాళ్ల జీతం, ఏడాదికో నెల చొప్పున
పన్నెండు వందల పది. టికెట్టు అదనం.
రెండుసార్లు కూడాను, ఒక్క రియాలు జారకుండా.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
మర్యాదకి అడిగాడు పాపం,
"మీకైతే శానా వస్తది గద మేడం, పోయేటప్పుడు?"

"నాది రోజుకూలీ, పోశెట్టీ."

ఎంత నవ్వాడంటే
బండి పక్కకి తీసి ఆపాల్సొచ్చింది.
కళ్లు తుడుచుకుంటూ, "మీరు గూడ మస్తు జోకులేస్తరు" అన్నాడు.
నేనూ నవ్వాను.
బహ్లా మలుపు వచ్చేదాకా
ఇద్దరం వేరువేరు సంగతులకి నవ్వుతూనే ఉన్నాం.