మొదటి అంగుళం

జేసీ రోడ్డు వెనక సందు.
మూడంగుళాలు లేపమన్నాను, ఇసుజు మూతిని.

ఖలందర్ జవాబియ్యలేదు. దర్జీ టేపు తీశాడు,
భార్యది. మొదటి అంగుళం అరిగిపోయింది,
అందుకే లెక్క రెండు నుంచి.
చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా
ఎడమ ఇరవై, కుడి పందొమ్మిదిన్నర.
"డ్రైవరు పక్క ఎప్పుడూ కుంగుతాది సార్.
ముందర ఏమేం బిగిస్తావు?"

ఇనుప బంపరు. వించి. ఇంకో బ్యాటరీ.

టీ తెచ్చిన పిల్లాణ్నీ నన్నూ
బానెట్ అంచున కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాడు.
వేలి మందం దిగింది.

గోడకానించిన స్ప్రింగుల్లో
నా కన్ను పడింది ఎర్రదాని మీద,
అన్నిటికన్నా పొడుగుది.
"అదేస్తే బండి మునివేళ్ళ మీద నిలబడతాది.
గుంతలోకి చక్రం దిగేదానికి
కింద చోటుండొద్దా?
యాక్సిల్ మెడ పోతాది."

ఇచ్చింది దానికన్నా పొట్టిది, నల్లది,
తీగ మాత్రం లావు.
ధర కూడా.

రాత్రి కలాసిపాళ్యంలో వాన.
నీళ్ళు నిండిన గుంతలో
చక్రం దిగింది, అడుగు తడిమింది, పైకొచ్చింది.
నా టీ గ్లాసు తొణకలేదని చెప్పను, తొణికింది.

డాష్‌బోర్డు మీద టేపు.
మర్చిపోయాడు.
పొద్దున్నే ఇచ్చిరావాలి,
ఆమె జాకెట్లు కత్తిరించేలోపు.