సముద్రానికి డెబ్బై కిలోమీటర్లు

వేసవిలో మా బోర్డు మీద
'గంటన్నరలో సూర్యలంక బీచ్' అని ఉంటుంది.
కార్తీకం రాగానే పెయింటరు మస్తాను నిచ్చెనేసుకొచ్చి
అదే దూరాన్ని తిరగరాస్తాడు:
'సముద్రానికి డెబ్బై కిలోమీటర్లు. నిశ్చింతగా నిద్రపోండి.'
దారి పెరగలేదు, తరగలేదు.
బంగాళాఖాతంలో ఓ చిన్న సుడి
నడుం తిప్పడం మొదలెట్టింది, అంతే.

గుంటూరు వదిలి పేరేచర్ల దాటాక, క్వారీ దుమ్ముకి ఎదురుగా
అరవై దాటినవాళ్ళకని కట్టిన నూట ఇరవై ఇళ్ళు.
బాత్రూముల్లో పట్టుకోడానికి స్టీలు కడ్డీలు,
గడపల్లేని గుమ్మాలు,
నొక్కితే నర్సు వచ్చే ఎర్ర బటను.
వాటిని అమ్మే కుర్చీలో నేను.
ఆషాఢమంతా ఈగల్ని తోలుకుంటాను.
టీవీలో వాయుగుండం అన్న మాట పడ్డ సాయంత్రం నుంచీ
టేబులు మీద ఫోను వణుకుతుంది.

రేపల్లె నుంచి, చీరాల నుంచి, బాపట్ల నుంచి
రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు క్యాషియర్లు
కరెంటు లేని నాలుగు రాత్రుల గొంతుతో అడుగుతారు:
"గ్రౌండ్ ఫ్లోరు కాదు కదా?
జనరేటరుందా? కిటికీలు తూర్పుకా?"
తీరం దాటిన మర్నాడు చదరపు అడుగు మీద రెండొందలు.
పదో రోజుకి ఇంకో నూట యాభై.
మొత్తం నలభై రోజుల గిరాకీ.
వాళ్ళ గోడల మీద తడి మరక ఆరేలోపు సంతకం పడాలి.
ఆరిందా,
"ఇన్నేళ్ళున్నాం, ఇక్కడే కానిచ్చేస్తాం లెండి" అంటారు.
మా యజమాని వాతావరణ బులెటిన్ని
పంచాంగంలా చదువుతాడు.

పదో నంబరు ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.
నరసరావుపేట వాళ్ళు బేరం దగ్గర ఆగిపోతారు.
తీరం వాళ్ళు తలుపు దగ్గర.
పదో నంబరంటే ఏమిటో
రేవు ఊళ్ళలో పసిపిల్లలక్కూడా చెప్పక్కర్లేదు.

మొన్నటి తుపాను తర్వాత వచ్చాడు
కొక్కిలిగడ్డ ఏసోబు.
నిజాంపట్నం హార్బరులో ముప్పై ఒక్క ఏళ్ళు
ప్రమాద సూచికలు ఎగరేసిన చేతులు.
బ్రోచరు తెరవలేదు. బోర్డు వైపు గడ్డం ఎత్తి
"డెబ్బై కిలోమీటర్లు సరే. గాలికి ఎన్ని గంటలమ్మా?" అన్నాడు.

నా కాగితాల్లో ఆ గడి లేదు.

ఆయనే వేళ్ళ మీద లెక్కేశాడు.
"తుపాను నడక గంటకి పద్నాలుగు, పదిహేను.
అంటే మీరు నాకు అమ్మేది ఐదు గంటలు.
ముప్పై ఆరు లక్షలకి
ఐదు గంటలు."
కోపం లేదు, నవ్వుతున్నాడు.
"నేను పైకి లాగాక మావాళ్ళు అంతసేపూ
వలలు సర్దుకుంటూనే ఉండేవాళ్ళు లే.
మా ఆవిడకి నడుం కింద కదలిక లేదు.
మొన్న రాత్రి తలుపు రెక్క మీద పడుకోబెట్టి
నలుగురం బడి దాకా మోశాం.
నాలుగో మనిషిని నేనే. ఇంకోసారి మొయ్యలేను."

ఖాళీల జాబితాలో వేలు పదో నంబరు దగ్గర ఆగింది.
నేను గొంతు సవరించుకునేలోపే
"ఎగరేసింది నేనేగా," అన్నాడు,
"దింపడం కూడా వచ్చు."

అదే వారం నల్లపాడులో నా గది అద్దె
ఐదు వేల నుంచి ఆరున్నర అయింది.
"తుపాను కదమ్మా, జనం పెరిగారు" అన్నాడు ఇంటాయన.
మా వీధిలో గాలీ లేదు, వానా లేదు.
నా జీతం మీంచి మాత్రం
ఓ రేకు ఎగిరిపోయింది.

ఏసోబు దిగిన సాయంత్రం
వాచ్‌మన్ దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని
తలుపు మీది ఇత్తడి ఒకటినీ సున్నానీ విప్పేశాడు.
మంచం మీంచి ఆవిడ
"మెల్లిగా, మెల్లిగా" అంటోంది.
ఇప్పుడక్కడ నాలుగు బెజ్జాలు.
నంబరు అడిగితే చెప్పడట ఆయన.
కొరియర్ కుర్రాడు దారి తెలీక నా దగ్గరికే వస్తాడు,
చేతిలో మందుల డబ్బాతో:
"మేడం, గాలి తగ్గిన ఇల్లంట,
అదెక్కడ?"